వానకు ఎదురు నిలబడ్డ మూడు బర్రెలు

వాన ఏ దిక్కు నుంచి వస్తుందో తెలియనివాడు వాన బొమ్మ జోలికి పోకూడదని ఒకసారి తూంకుంటలో ఒక కాలనీవాళ్ళతో గట్టిగా పోట్లాడాను. ఆ పోట్లాటలో నేనే గెలిచాను. గెలవకపోయి ఉంటే ఈ నాలుగు ముక్కలూ రాయవలసిన పని ఉండేది కాదు.

ముందు నా సంగతి చెప్పాలి. నేను మేడ్చల్‌లో బోర్డులు రాసి బతికినవాణ్ణి. పెయింటర్ అనగానే ఇళ్ళకు సున్నం వేసేవాడనుకుంటారు, నాది అక్షరాల పని. బడి నాకు మూడో తరగతితోనే ముగిసింది. ఆ తర్వాత చదువు చెప్పినవి కిరాణా కొట్టు పొట్లాల కాగితాలు, బస్సుల నొసటి మీది ఊర్ల పేర్లు, గోడల మీది మందుల ప్రకటనలు. 'క్ష' ఎట్లా రాయాలో ఒక లారీ వెనక ఉన్న 'శ్రీరామరక్ష' చూసి నేర్చుకున్నాను. ఆ లారీ రైలు గేటు దగ్గర ఆగినంతసేపే నా బడి. గేటు లేవగానే బడి వదిలేశారు.

అట్లా నేర్చిన అక్షరాలతో దాదాపు ముప్పై ఏళ్ళు ఊరందరి పేర్లూ రాశాను. బతికున్నవాళ్ళవి దుకాణాల మీద, పోయినవాళ్ళవి సమాధుల మీద, ఓట్లడిగేవాళ్ళవి అందరి గోడల మీద. నా పేరు మాత్రం ఎక్కడా రాసుకోలేదు. ఒక్కసారి, పనిలో కొత్తగా ఉన్నప్పుడు, ఒక బట్టల దుకాణం బోర్డు మూలన బియ్యపు గింజంత అక్షరాలతో రాసుకున్నాను. సేటు నిచ్చెన ఎక్కి మరీ చూశాడు. "నా దుకాణం మీద నీ పేరేందిర? నువ్వేమన్న వాటాదారువా?" అని కిరసనాయిలు గుడ్డ చేతికిచ్చి నాతోనే తుడిపించాడు. కింద పదిమంది నిలబడి చూశారు. ఆ కిరసనాయిలు వాసన చాలా ఏళ్ళు నా ముక్కులోనే ఉండిపోయింది.

తొంభైల చివరి మాట. ఫ్లెక్సీలు ఇంకా మా దాకా రాలేదు. రోహిణి ఎండలు మాడ్చేస్తున్న రోజుల్లో ఒక పెద్దమనిషి స్కూటర్ మీద నా దుకాణానికి వచ్చాడు. గోదావరి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి, తూంకుంట దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్న ఇంజనీరు. ఆ కాలనీ సంఘానికి కార్యదర్శి కూడా.

"మాస్టారూ, వానకి స్వాగతం చెబుతూ ఓ పోస్టర్ కావాలండి. అరవై కాపీలు" అన్నాడు.

"వానకా? లీడర్లకు జేసిన, సర్కస్‌కు జేసిన. వానకు పోస్టర్ ఏంది సారూ? అది వచ్చి సదువుకుంటదా?"

ఆయన నవ్వాడు. "వాన చదవదు లెండి, మేమే చదువుకుంటాం" అని, విషయం చెప్పాడు. ఆ ఎండాకాలం కాలనీలో బోర్లన్నీ ఎండిపోయాయి. కాలువల పక్కన పుట్టి పెరిగినవాళ్ళు బిందెలు పట్టుకుని ట్యాంకరు వెనక పరుగెత్తారు. అందుకని మొదటి వాన పడ్డ తర్వాత వచ్చే ఆదివారం అందరూ కాలనీ గేటు ముందు కలిసి పకోడీలు వేసుకుని, పిల్లలతో పాటలు పాడించి, వానకు పండుగ చేయాలని నిర్ణయించుకున్నారు. తూంకుంట నుంచి శామీర్‌పేట దాకా రోడ్డు పొడుగునా పోస్టర్లు వేసి చుట్టుపక్కలవాళ్ళను కూడా పిలుస్తారట. వాన పడ్డ మర్నాడే పోస్టర్లు గోడెక్కాలి.

నాకు ఆ ఆలోచన నచ్చింది. వాన పేరు మీద ఎవడో ఒకడు తన మొహం అచ్చువేయించుకోకుండా, వానకే పండుగ చేయడం నేను అంతకుముందు చూడలేదు.

పోతూ పోతూ ఆయన, "కింద మీ పేరు కూడా వేసుకోండి. బొమ్మ వేసినవాళ్ళ పేరు ఉండాలి కదండీ" అన్నాడు. టీ తాగి వెళ్ళండి అన్నంత తేలిగ్గా అన్నాడు. స్కూటర్ మలుపు తిరిగిపోయినా నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను.

ఇంట్లో చెబితే నా భార్య బియ్యం చెరగడం ఆపలేదు.

"ఉట్టి పేరు బెట్టుకుంటవా, ఇంటిపేరు గూడనా?"

"రెండూ."

"మీ నాయిన పేరు, ఊరు పేరు గూడ బెట్టు. రేషన్ కార్డు లెక్క ఉంటది."

వెక్కిరించింది గానీ, ఆ సాయంత్రం పక్కింటామెతో గోడ మీంచి ఆ మాటే చెబుతుంటే విన్నాను.

కార్యదర్శి నాకు ఒక కాగితం ఇచ్చిపోయాడు, ఎట్లా ఉండాలో గీసి. కాలనీ గేటు, గేటుకు రెండు వైపులా కొబ్బరి చెట్లు, వాన. కొబ్బరి చెట్లు నేను తీసేశాను. ఆ మొరం నేలలో కొబ్బరి ఎక్కడిది? వాటి బదులు గేటు ముందు అమ్ముడుపోని ప్లాట్లలో నిజంగా మేసే బర్రెలను మూడింటిని వేశాను. వాన మాత్రం వాళ్ళ కాగితంలో ఉన్నట్టే ఎడమ నుంచి కుడికి ఏటవాలుగా గీశాను. బొమ్మ చూసి కార్యదర్శి సరేనన్నాడు.

అరవై కాగితాలు చేత్తో వేయలేం గనక స్క్రీన్ ప్రింటింగ్. చెక్క చట్రానికి బిగించిన పల్చటి గుడ్డ, దాని మీద రంగు దిగవలసిన చోట తప్ప మిగతాదంతా మూసేయాలి. ఒక్కో రంగుకు ఒక్కో చట్రం. బూడిదరంగు ఆకాశానికి ఒకటి, ఎర్ర నేలకు ఒకటి, గడ్డికి ఒకటి, తెల్లటి వాన గీతలకు ఒకటి, చివరగా నలుపుకు ఒకటి. నలుపులోనే గేటు, అక్షరాలు, బర్రెలు, అడుగున నా పేరు. నలుపు అన్నిటికన్నా చివర అచ్చువేస్తాం గానీ, చట్రం మాత్రం దాన్నే ముందు తయారుచేసేవాణ్ణి, కష్టమైన పని ముందు అయిపోతుందని.

అది తయారై గోడకు ఆనించి ఉంది. ఒక మధ్యాహ్నం దుమ్ము లేచింది. దుకాణం తలుపు మూయబోతూ ఆగిపోయాను. గాలి పడమటి నుంచి కొడుతోంది. మా బాపు గుర్తొచ్చాడు. ఏటా మిరుగం కార్తెకు ముందు ఆయన మా మట్టింటి పడమటి గోడకు తాటికమ్మల తడక కట్టేవాడు, జల్లుకు గోడ కరిగిపోకుండా. తూర్పు గోడకు ఎన్నడూ కట్టలేదు. ఇక ఆ కాలనీ గేటు ఉత్తర ముఖం. దాని ఎదురుగా నిలబడి చూసేవాడికి ఎడమ చెయ్యి తూర్పు, కుడి చెయ్యి పడమర. అంటే మా బొమ్మలో వాన తూర్పు నుంచి పడుతోంది!

నా పేరు కింద ఉండబోయే బొమ్మలో దొంగ వానా? అప్పటికప్పుడు మోపెడ్ తీసి తూంకుంట వెళ్ళాను.

కార్యదర్శి ఇంటి వరండాలో ఇంకో ఇద్దరు కాలనీవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఓ పక్క ఆయన తల్లి, డెబ్భై దాటిన మనిషి, చాట ముందు పెట్టుకుని చింతపండులో గింజలు తీస్తోంది. నేను సంగతి చెప్పాను.

"ఎటునుంచి వస్తే ఏంటండీ మాస్టారూ? తడవడం తడవడమే కదా" అన్నాడు కార్యదర్శి.

"గట్లెట్లంటరు సారూ? గేటు ఏ దిక్కుకుండాల్నని వాస్తు జూపిచ్చుకుంట ఎన్ని తిరుగుళ్ళు దిరిగిండ్రు? గేటుకు దిక్కుంటది గని వానకు ఉండదా?"

"మా వైపు పెద్ద వానంటే తూర్పు నుంచేనండి. సముద్రం మీంచి వస్తుంది."

"మీ తుఫాన్లు మీ దిక్కే ఉంచుకోన్రి. సముద్రం ఒడ్డోళ్ళకు మా వాన సంగతేం దెలుస్తది? గీడ వాన పడమటికెల్లి వస్తది. ఇగ రాకుంటే రాదు, అంతే!"

అనవలసిన దానికన్నా గట్టిగానే అన్నాను. నా వయసు అప్పుడు యాభై. బడికి పోనివాడికి తనకు తెలిసిన నాలుగు విషయాల మీద ఎంత పట్టుదల ఉంటుందో బడికి పోయినవాళ్ళకు అర్థం కాదు. ఆ ముసలావిడ చింతపండు వదిలి తలెత్తి నన్ను చూసింది. మళ్ళీ తల దించుకుని గింజలు తీసుకుంది.

"సరేనండి. మీరు పుట్టిన నేల, మీ ఇష్టం" అన్నాడు కార్యదర్శి.

గెలిచి ఇంటికొచ్చాను. వాన చట్రం ఇంకా తయారుకాలేదు గనక గీతలను కుడి నుంచి ఎడమకు తిప్పి తయారుచేసుకున్నాను. నాలుగు రోజులు దుకాణంలో దండేలు కట్టి కాగితాలు ఆరబెట్టాను. చివరి రోజు నలుపు దించాను. రబ్బరు పట్టీతో రంగు ఇవతలికి లాగి చట్రం ఎత్తగానే, కింద నా పేరు. రెండో కాగితం, మళ్ళీ నా పేరు. అరవై సార్లు. నా భార్యకు చదువు రాదు. సద్ది తెచ్చి, దండేల కింద వంగి నడుస్తూ, "ఏది నీ పేరు?" అంది. చూపించాను. తడి రంగుకు అంగుళం ఎడంగా వేలు పెట్టి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా గాలిలో గీసింది. "గింతనేనా?" అంది.

మర్నాడు ఒక కాగితం చుట్టుకుని తూంకుంట వెళ్ళాను. ఆకాశం మొగులు పట్టి ఉంది. వరండాలో అందరూ చూసి బాగుందన్నారు. వాన నిజంగా కొడుతున్నట్టే ఉందన్నాడు కార్యదర్శి. అప్పుడు ఆయన తల్లి కళ్ళజోడు తెప్పించుకుంది.

"ఇలా తే నాయనా."

ఇచ్చాను. మోకాళ్ళ మీద పరుచుకుని చాలాసేపు చూసింది.

"ఈ గేదెలు మీ ఊరివేనా?"

"అవునమ్మా. గీ గేటు ముంగట మేసేటియే."

"పాపం, వీటికేమైనా జబ్బు చేసిందా?"

"జబ్బేందమ్మా?"

"వానకి మొహం పెట్టి నిలబడ్డాయి కదయ్యా."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ వేలితో చూపించింది. వాన గీతలు కుడి నుంచి వస్తున్నాయి. మూడు బర్రెలూ కుడివైపే మొహాలు పెట్టి, కొమ్ముల మీద వాన కొట్టించుకుంటూ మేస్తున్నాయి.

"మా దిక్కు బర్లు గిట్లనే..." అని మొదలుపెట్టాను.

"గేదెకి ఏ దిక్కైనా ఒకటే వీపు, నాయనా" అంది ఆవిడ. కోపం లేదు. "మాకు నాలుగుండేవి. పెద్ద గాలివాన ముందు మా ఆయన పలుపులు విప్పి వదిలేశాడు, కట్టేసి ఉంటే చస్తాయని. రాత్రంతా ఇంటి కప్పు పోతుందో గోడ పోతుందో అని కూర్చున్నాం. తెల్లారి తలుపు తీస్తే దిబ్బ మీద నాలుగూ నిలబడి ఉన్నాయి. తోకలన్నీ తూర్పుకే. సముద్రానికి వీపిచ్చి నిలబడ్డాయి."

తర్వాత కాగితం చుట్టి నా చేతికిచ్చింది. తూర్పు అన్న మాట ఆవిడ నన్ను పొడవడానికి అనలేదు. అయినా అది గుచ్చుకోవలసిన చోటే గుచ్చుకుంది.

తిరిగి వస్తుంటే మేడ్చల్ రోడ్డు మీద, ఇంకా సగం దారి ఉండగానే, చినుకులు మొదలయ్యాయి. నేను పోయేది పడమటికి. చినుకులు మొహం మీద గులకరాళ్ళలా కొట్టాయి. బండి ఆపి, కాగితం చొక్కా లోపల దాచుకున్నాను. పక్క బీడులో ఏడెనిమిది బర్రెలు మేస్తున్నాయి. ఒకటి మేత ఆపి మెల్లగా తిరిగింది. దాని పక్కది తిరిగింది. చూస్తుండగానే అన్నీ తిరిగి, తలలు దించుకుని, పడమటికి వీపులు పెట్టి నిలబడిపోయాయి. వాటిని కాసే ముసలాయన గొంగడి కప్పుకుని ఆయనా అదే పని చేశాడు. కాసేపటికి చూసుకుంటే నేను కూడా మోపెడ్ పక్కన తూర్పుకు తిరిగి నిలబడి ఉన్నాను.

అక్కడ నిలబడే తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకున్నాను. మొదట వాన ఎడమ నుంచి పడుతున్నట్టు గీసినప్పుడు నా చెయ్యి ఏమీ ఆలోచించకుండానే బర్రెలను సరిగ్గా వేసింది, వీపులు ఎడమకు, మొహాలు కుడికి. తర్వాత నేను వాననైతే తిప్పాను, నలుపు చట్రం ముందే అయిపోయింది గనక దాని వైపు చూడలేదు. నా చేతికి తెలిసింది నా నోటికి తెలియలేదు. వాన గురించి పక్కవాళ్ళకు పాఠం చెప్పిన తొందరలో వానలో తడిసేవాటిని మరచిపోయాను.

మొదటి వాన పడ్డది. మర్నాడే పోస్టర్లు గోడెక్కాలి. పశువులు కాసేవాళ్ళు, పాలు పోసేవాళ్ళు తిరిగే రోడ్డు అది. మిగతావాళ్ళు ఒప్పుకున్నా వాళ్ళ కళ్ళు ఒప్పుకోవు. ఎవడిదిర ఈ బొమ్మ అని వంగి చూస్తారు. కింద సమాధానం ఉంది, అరవై చోట్ల.

ఇంటికి రాగానే తడి బట్టలతోనే కత్తెర తీసుకున్నాను. అడుగున పేరున్న పట్టీ కోసేస్తే సరిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. కిరసనాయిలు గుడ్డ ఈసారి ఎవరూ ఇవ్వనక్కరలేదు. మొదటి కాగితం మీద కత్తెర నడుస్తుంటే నా భార్య వచ్చింది. జరిగింది చెప్పాను.

"పేరు గోస్తే బర్లు తిరుగుతయా?" అంది.

కత్తెర ఆగింది.

"ఎవ్వడు జూస్తడు బర్ల మొకం, ఊకో అంటననుకున్నవా? ముప్పై ఏండ్లకు వచ్చింది పేరు. తప్పు నీదే, పేరు నీదే. ఏం జేస్తవో జెయ్, అన్నం సల్లారుతాంది."

అన్నం తిని కుంచె పట్టుకున్నాను. మిగిలిన ఎర్ర రంగుతో కుడివైపు మొహాలను, కొమ్ములను మూసేయడం, నలుపుతో ఎడమవైపు, తోకలున్న చోట, దించుకున్న తల, వెనక్కి వంగిన కొమ్ములు వేయడం, కుడివైపు తోక వేలాడదీయడం. ఒక్కో కాగితానికి మూడు. చీకటి పడే దాకా కొన్ని, తెల్లవారి లేచి మిగతావి. ముసురుకు రంగు ఆరదు. నా భార్య పొయ్యిలోంచి నిప్పులు మూకుట్లో పోసి దండేల కింద పెట్టింది.

మధ్యాహ్నానికి కార్యదర్శి వచ్చాడు. దండేల మధ్య నిలబడి చూశాడు.

"అరవైకి అరవై దిద్దారా! రోడ్డు మీద పోయేవాళ్ళు ఎవరు చూస్తారండీ ఇంత పట్టి పట్టి?"

"మీ అమ్మగారు జూసిండ్రు గద సారూ."

ఆయన ఆరిన కాగితాలను ఒక్కొక్కటే చుట్టడానికి సాయం పట్టాడు. లెక్క చూస్తే యాభై తొమ్మిది. కత్తెర నడిచిన కాగితం నేను ఇవ్వలేదు.

నిజం చెప్పాలంటే అవి అందమైన బర్రెలు కావు. వెనక భాగం ముందుకు, ముందు భాగం వెనక్కి వచ్చాయి గనక భుజాల దగ్గర సన్నగా ఉండవలసినవి లావుగా ఉన్నాయి. తొందరలో వేసినవాటిలో కొన్నిటి పొట్టలు ఒక పక్కకు జారాయి. అయినా వానకు వీపు పెట్టి నిలబడ్డాయి. రోడ్డు వెంట వెళుతూ ప్రతి గోడ దగ్గరా బండి నెమ్మది చేసి చూసుకున్నాను. నవ్వినవాళ్ళు నాకు కనబడలేదు. మెచ్చుకున్నవాళ్ళు కూడా కనబడలేదు. బోర్డులు రాసేవాడికి అదే మెప్పు.

తర్వాతి సంవత్సరాల్లో ఫ్లెక్సీలు వచ్చి నా పని పోయింది, దాని గురించి ఏడవను. కానీ మొన్నామధ్య కండ్లకోయ దగ్గర వానాకాలం వేడుకని కట్టిన ఫ్లెక్సీ చూశాను. ఏ దేశపు అమ్మాయో రబ్బరు బూట్లు వేసుకుని గొడుగు పట్టుకుని ఉంది. వాన నల్లాలోంచి వదిలినట్టు నిట్టనిలువుగా పడుతోంది. గాలి లేదు, దిక్కు లేదు. కింద పేరు లేదు. ఎవణ్ణి అడగాలి? తప్పు చేసినా సరే, అడగడానికి ఒక మనిషి ఉండాలి కదా.

మళ్ళీ అప్పటికి వస్తే, ఆ ఆదివారం పండుగకు నన్నూ నా భార్యనూ పిలిచారు. గేటు ముందు పకోడీలు వేగుతుంటే ముసలావిడ నా చెయ్యి పట్టుకుని గేటు స్తంభానికి అంటించిన పోస్టర్ దగ్గరికి తీసుకుపోయింది. కళ్ళజోడు సర్దుకుని బర్రెలను చూసింది, వాన గీతలను చూసింది, మళ్ళీ బర్రెలను చూసింది. తర్వాత అడుగున వేలు పెట్టింది.

"ఇదేనా నీ పేరు? చదువు, నా కళ్ళకి ఆనడం లేదు."

చదివాను. నా పేరు నేనే పైకి చదువుకోవడం అదే మొదటిసారి. గొంతు ఎవరిదో అనిపించింది.

ఆవిడ తల ఊపింది. వెళ్ళబోయి మళ్ళీ వెనక్కి వచ్చి, మూడో బర్రె దగ్గర కళ్ళు చికిలించింది. ఆ కాగితం మీద పొట్ట మరీ జారిపోయింది.

"ఇది చూడితో ఉందా నాయనా?"

"అవునమ్మా. ఇయ్యాల్నో రేపో ఈనుతది" అన్నాను.

"మరి తొందరగా ఇంటికి తోలుకుపో. వానలో నిలబెట్టావేం?" అంది.